కనిపించకపోతే కనిపించలేదనండి

ప్రశ్న: నా వయసు 46. కళ్లద్దాలు పెట్టుకుంటాను. పోయిన నెల నాతో పనిచేసే ఒకావిడ పిలిస్తే, ఒక గ్రూప్‌తో కలిసి పక్షులు చూడ్డానికి వెళ్లాను. చెరువు, దాని చుట్టూ పొదలు, పెద్ద చెట్లు ఉన్న చోటు. మొత్తం 14 మందిమి. నేను తప్ప అందరూ ఏళ్ల తరబడి చూస్తున్నవాళ్లే. ‘అదిగో, ఆ కొమ్మ మీద’ అంటారు. నేను బైనాక్యులర్స్ ఎత్తి వెతుక్కునేలోపు పిట్ట ఎగిరిపోతుంది. ‘కనిపించిందా?’ అని లీడర్ అడిగితే మూడుసార్లు ‘ఆ, కనిపించింది’ అని అబద్ధం చెప్పాను. చివర్లో 38 రకాలు వచ్చాయని లిస్ట్ చదివారు. నేను నిజంగా చూసినవి ఐదు. నా దగ్గరున్నవి పాత బైనాక్యులర్స్. చూస్తే రెండు గుండ్రాలు, అంచుల్లో నల్లటి నీడలు. ఒకాయన ఫోన్‌లో కూత వినిపించి ఒక పిట్టను దగ్గరకు రప్పించారు. నాకు నచ్చలేదు, కానీ కొత్తదాన్ని కదా అని ఊరుకున్నాను. ఒక్కటి మాత్రం మర్చిపోలేకపోతున్నాను. నీళ్ల అంచున, బురదలో కలిసిపోయినట్టు, మెడే లేనట్టు ఒక పక్షి చాలాసేపు కదలకుండా ఉంది. నేను నాలుగడుగులు ముందుకు వేయగానే లేచింది. లేవగానే తెల్లగా మెరిసింది. అదేమిటని అడగడానికి కూడా సిగ్గేసింది. ఈ నెల మళ్లీ రమ్మంటున్నారు. వెళ్లనా, మానేయనా?

జవాబు: ముందు ఆ పక్షి సంగతి చెప్తాను. మీరు రాసినదాన్ని బట్టి అది గుడ్డికొంగ. నిలబడి ఉన్నప్పుడు వీపంతా మట్టిరంగు, మెడ మీద గోధుమరంగు చారలు, ఆ మెడను కూడా భుజాల్లోకి ముడుచుకుని ఉంటుంది కాబట్టి మెడే లేదనిపిస్తుంది. రెక్కలు, తోక మాత్రం తెల్లగా ఉంటాయి. ఆ తెలుపంతా మట్టిరంగు వీపు కింద మడిచి దాచుకుంటుంది. మనిషి బాగా దగ్గరకు వచ్చేదాకా కదలదు, తన రంగును అంతగా నమ్ముకుంటుంది. లేచిన క్షణంలో ఇదేదో వేరే పక్షి అన్నట్టు తెల్లగా విచ్చుకుంటుంది. నాలుగు బారల దూరంలో దిగి రెక్క ముడిస్తే మళ్లీ మాయమవుతుంది.

ఇప్పుడు మీరేం చేశారో ఒకసారి చూడండి. ఎవరూ వేలు చూపించకుండా, కదలని పక్షిని బురదలో పోల్చుకున్నారు. చాలాసేపు కదల్లేదని గమనించారు. ఎంత దగ్గరకు వెళ్తే లేచిందో గమనించారు. లేచినప్పుడు రంగు మారినట్టు కనిపించడం గమనించారు. పేరొక్కటే తెలియదు. పేరు ఎవరైనా అర నిమిషంలో చెప్పగలరు. మిగతాది మీ అంతట మీరు చూడాల్సిందే, అది మీరు మొదటి రోజే చూశారు. అందుకని నా సమాధానం, వెళ్లండి. తప్పకుండా వెళ్లండి. కాకపోతే ఈసారి ఒక మాట మార్చుకుని వెళ్లండి. కనిపించకపోతే ‘కనిపించలేదు’ అనండి.

ఆ అబద్ధం నేనూ చెప్పాను. చాలా ఏళ్ల కిందట, ఒక మర్రిచెట్టు తొర్రలో గుడ్లగూబ ఉందన్నారు. పదిమందీ తలలాడిస్తున్నారు. నాకు తొర్రే కనిపించలేదు. అయినా తల ఊపాను. నా పక్కన పన్నెండేళ్ల పిల్లాడు ఉన్నాడు. నా మొహం చూశాడు, తనూ కనిపించిందన్నాడు. లీడర్ మమ్మల్ని ముందుకు తీసుకెళ్లిపోయారు. దారిలో ఆ పిల్లాడు మెల్లగా అడిగాడు, ‘అది ఎలా ఉంది?’ అని. నా దగ్గర జవాబు లేదు. ఆ రోజు నాకు అర్థమైంది. గ్రూప్‌ను నడిపే మనిషి ‘కనిపించిందా?’ అని అడిగేది మన పరువు కోసం కాదు. ఇంకా ఎంతసేపు ఆగాలో తెలుసుకోవడానికి. మనం అవునంటే ఆగరు. మనలాగే చూడలేకపోయిన ఇంకో ఇద్దరికి కూడా అవకాశం పోతుంది. మీరు ‘నాకు కనిపించలేదండీ, ఇంకోసారి చెప్తారా’ అన్నారనుకోండి, వెనక నుంచి ఇంకెవరో ‘నాకూ కనిపించలేదు’ అంటారు. ప్రతిసారీ ఎవరో ఒకరు అంటారు, చూడండి.

ఇక ఆ 38 సంగతి. ఆ అంకె మీ మీద బరువులా కూర్చుంది, కానీ అందులో చాలావాటిని ఎవరూ కళ్లతో చూసి ఉండకపోవచ్చు. అనుభవం ఉన్నవాళ్లు పొదల దగ్గర, చెట్ల మధ్య సగం పక్షుల్ని చెవితోనే పట్టుకుంటారు. కూత స్పష్టంగా గుర్తుపడితే విన్నది కూడా లెక్కలోకి వస్తుంది. పైగా అది 14 మంది చూసినదంతా కలిపిన లెక్క. ఒకరు నీళ్ల వైపు చూస్తుంటే ఇంకొకరు ఆకాశం చూస్తుంటారు. ఏ ఒక్కరూ 38 చూసి ఉండరు.

ఇలాంటి లిస్టులు ఎక్కువగా ‘ఈబర్డ్’లో పెడతారు. 2002లో అమెరికాలో పక్షుల మీద పనిచేసే రెండు సంస్థలు, కార్నెల్ ల్యాబ్ ఆఫ్ ఆర్నిథాలజీ, ఆడుబాన్ సొసైటీ కలిసి మొదలుపెట్టిన ఉచిత ఆన్‌లైన్ వ్యవస్థ అది. ఎప్పుడు మొదలుపెట్టారు, ఎంతసేపు తిరిగారు, ఎంత దూరం నడిచారు, ఏ పక్షి ఎన్ని అని రాస్తారు. అందులో నాకు నచ్చే ఏర్పాటు ఒకటుంది. గ్రూప్‌లో ఒకరు లిస్ట్ రాసి మిగతావాళ్లకు పంచుతారు. అప్పుడు ఎవరి కాపీ వాళ్లకు వస్తుంది. తాము చూడనివి, విననివి ఎవరికి వారు తీసేసుకోవచ్చు. తీసేసుకోవాలి కూడా, పద్ధతి అదే. అంటే ఆ 14 మంది దగ్గరా 14 రకాల లిస్టులు ఉండాలి. మీకు ఆ లిస్ట్ వచ్చి ఉంటే ఈ రాత్రికే 33 పేర్లు తీసేయండి. ఐదు ఉంచండి. గుడ్డికొంగ ఆ ఐదింటిలో లేకపోతే ఆరోదిగా కలపండి.

లెక్కపెట్టడం తప్పని నేననను. 1900లో అమెరికాలో క్రిస్మస్ రోజున తుపాకులతో పక్షుల్ని కొట్టే పోటీలకు బదులుగా వాటిని లెక్కపెడదామని ఫ్రాంక్ చాప్‌మన్ అనే ఆయన పిలుపిస్తే, ఆ మొదటి ఏడాది 27 మంది కదిలారు. ఆ లెక్క ఇప్పటికీ ఏటా సాగుతోంది. ఏ పక్షి తగ్గిపోతోంది, ఏది కొత్త చోట్లకు పాకుతోంది అనేది ఇలాంటి లెక్కల వల్లే తెలుస్తోంది. కానీ ఆ లెక్కకు విలువ ఎక్కడి నుంచి వస్తుంది? చూడనిది చూశానని ఎవరూ రాయకపోవడం నుంచే.

ఇప్పుడు బైనాక్యులర్స్. మీ కష్టంలో ముప్పాతిక వంతు దీనిదేనని నా నమ్మకం. కాబట్టి దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను. ఇంట్లో కూర్చుని, దాన్ని చేతిలో పట్టుకుని చదవండి.

మీకు రెండు గుండ్రాలు కనిపిస్తున్నాయంటే రెండు గొట్టాల మధ్య దూరం మీ కళ్ల మధ్య దూరానికి సరిపోలేదన్నమాట. మధ్యలో బందు ఉంటుంది కదా, అక్కడ మెల్లగా మడుస్తూ, విప్పుతూ చూడండి. ఒక చోట రెండూ కలిసి ఒకే గుండ్రం అవుతుంది. అదీ మీ కొలత. నల్లటి నీడలకు కారణం వేరు. కంటికి ఆనించే చోట రబ్బరు కప్పులుంటాయి. అవి కళ్లద్దాలు లేనివాళ్ల కోసం పైకి లేచి ఉంటాయి. మీరు అద్దాలతో చూస్తున్నారు కాబట్టి అద్దం, దాని ముందు కప్పు, ఇంత దూరమయ్యేసరికి చుట్టూ చీకటి పడుతుంది. ఆ కప్పుల్ని వెనక్కి మడవండి. కొన్నింటికి తిప్పితే లోపలికి దిగుతాయి. అద్దాలు మాత్రం తీయకండి. తీసి చూసి, మళ్లీ పెట్టుకుని, ఈలోపు పిట్ట పోయిందని బాధపడటమే మిగులుతుంది.

తర్వాత, రెండు కళ్లకూ విడిగా ఫోకస్ సరిచేసుకోవాలి. చాలామంది ఏళ్ల తరబడి వాడుతూ కూడా ఈ పని చేయరు. దూరంగా కదలని వస్తువు ఒకటి ఎంచుకోండి, అక్షరాలున్న బోర్డు అయితే ఇంకా మంచిది. కుడివైపు ముందు అద్దాన్ని అరచేత్తో మూసి, రెండు కళ్లూ తెరిచే ఉంచి, మధ్యలో ఉన్న చక్రం తిప్పుతూ ఎడమ కంటికి అక్షరాలు స్పష్టంగా వచ్చేలా చేయండి. ఇప్పుడు ఎడమవైపు మూయండి. ఈసారి మధ్య చక్రం ముట్టుకోవద్దు. కుడి కంటి దగ్గర విడిగా తిరిగే రింగ్ ఒకటి ఉంటుంది, సాధారణంగా కుడివైపే ఉంటుంది, దాన్ని తిప్పి కుడి కంటికి స్పష్టం చేయండి. అంతే. ఆ రింగ్ ఎక్కడ ఆగిందో చిన్న గుర్తు పెట్టుకోండి. ఇక బయట మీరు తిప్పాల్సింది మధ్య చక్రం ఒక్కటే.

ఇదంతా చేసినా ఒక పిట్ట రెండుగా కనిపిస్తుంటే, ఎప్పుడో కింద పడి లోపలి అద్దాలు జరిగిపోయాయని అర్థం. దాంతో చూస్తే తలనొప్పి వస్తుంది. దాన్ని పక్కన పెట్టేసి, గ్రూప్‌లో ఎవరి దగ్గరైనా రెండోది ఉందేమో అడగండి. చాలామంది దగ్గర ఉంటుంది, ఇష్టంగానే ఇస్తారు. కొత్తది కొనాలనుకుంటే మీద 8×42 అని ఉన్నది చూడండి. 8 అంటే ఎనిమిది రెట్లు, 80 మీటర్ల దూరంలో ఉన్నది 10 మీటర్లలో ఉన్నట్టు కనిపిస్తుంది. 42 అంటే ముందు అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో, వెలుతురు తక్కువగా ఉన్న పొద్దున్న పూట అది పనికొస్తుంది. పది రెట్లు, పన్నెండు రెట్లు అని ఎక్కువ అంకెల వెంట పడకండి. రెట్లు పెరిగేకొద్దీ చేతి వణుకు కూడా పెరిగి కనిపిస్తుంది, కనిపించే మేర తగ్గిపోతుంది. పిట్టను వెతుక్కోవడం ఇంకా కష్టమవుతుంది.

ఇక ఎత్తేలోపు ఎగిరిపోవడం గురించి. అందరం చేసే పొరపాటు ఏమిటంటే, పిట్టను చూసి, తల వంచి బైనాక్యులర్స్ వైపు చూసి, ఎత్తి, ఎక్కడుందా అని వెతకడం. చూపు తిప్పకూడదు. కళ్లు పిట్ట మీదే ఉండాలి, చేతులే పైకి రావాలి. కళ్లకూ పిట్టకూ మధ్యలోకి బైనాక్యులర్స్ రావాలి, అంతే. ఇది చెప్పినంత సులువుగా రాదు, చేతులకు అలవాటు కావాలి. రోజూ ఐదు నిమిషాలు కిటికీ దగ్గర నిలబడి, బట్టల తీగ మీద క్లిప్పు, ఎదురింటి గోడ మీద పగులు, దూరంగా ఒక చిగురు, ఇలా ఒక్కోదాన్ని చూస్తూ ఎత్తండి. వారం తిరిగేసరికి మొదటిసారికే గుండ్రం మధ్యలో పడుతుంది. సూర్యుడి వైపు మాత్రం ఎప్పుడూ తిప్పకండి, కళ్లు దెబ్బతింటాయి.

‘అదిగో ఆ కొమ్మ మీద’ అనేది దారి చెప్పడం కాదు. అలా ఎవరైనా అంటే మొహమాటం లేకుండా ఎదురు అడగండి. ఏ చెట్టు? ఎంత ఎత్తులో? ఆకుల ముందా, లోపలా? చాలా గ్రూపుల్లో చెట్టును గడియారం అనుకుంటారు. చెట్టు కొన పన్నెండు, మొదలు ఆరు. ‘ఎండిన కొమ్మ ఉన్న చెట్టు, రెండు గంటల దగ్గర, సగం లోపలికి’ అంటే ఎవరికైనా దొరుకుతుంది. మీ గ్రూప్‌లో ఈ అలవాటు లేకపోతే మీరే మొదలుపెట్టవచ్చు. కొత్తవాళ్లు అడిగితేనే పాతవాళ్లకు సరిగ్గా చెప్పడం వస్తుంది.

14 మంది ఒకే వరసలో నడిస్తే చివరివాళ్లకు ఎగిరిపోయిన పిట్ట వెనకభాగమే మిగులుతుంది. లీడర్ వెనక రెండో మనిషిగానో మూడో మనిషిగానో నడవండి. మొదటి చోట నిలబడి దారి మూసేయొద్దు, వెనక్కి పోవద్దు. వీలైతే రెండు చిన్న గుంపులుగా విడిపోదామా అని లీడర్‌ను అడగండి, ఇది అందరికీ మేలు. ఎవరైనా స్టాండ్ మీద పెద్ద స్కోప్ పెట్టి పిలిస్తే, దాన్ని పట్టుకోకుండా వంగి చూసి, పది సెకన్లలో తప్పుకుని, మరీ నచ్చితే మళ్లీ వరసలో నిలబడండి.

పేర్ల గురించి టెన్షన్ వద్దు. పేరు కన్నా ముందు అడగాల్సినవి వేరే ఉన్నాయి. మీకు తెలిసిన పిచ్చుక, కాకి, పావురం కొలబద్దలుగా పెట్టుకోండి. పిచ్చుక కన్నా పెద్దదా? పావురం కన్నా చిన్నదా? తర్వాత ముక్కు. పొట్టిగా, లావుగా ఉంటే గింజలు పగలగొట్టేది. సూదిలా ఉంటే పురుగులు ఏరుకునేది. కొక్కెంలా వంగి ఉంటే మాంసం చీల్చేది. ఆ తర్వాత అది ఏం చేస్తోందో చూడండి. తోక ఊపుతోందా, కాండం మీద పైకి పాకుతోందా, ఎగిరి ఒక పురుగు పట్టి మళ్లీ అదే కొమ్మ మీదకు వస్తోందా? నీటికాకి ఒడ్డున రెండు రెక్కలూ చాచి నిలబడటం మీరు చూసే ఉంటారు. దాని ఈకలు నీళ్లను పూర్తిగా ఆపలేవు, తడుస్తాయి. మునిగి చేపలు పట్టడానికి అది సాయపడుతుంది, కానీ బయటికొచ్చాక ఆరబెట్టుకోవాలి. ఒక్క పక్షిని పది నిమిషాలు చూస్తే ఇలాంటివి ఎన్నో తెలుస్తాయి. చిన్న నోటుబుక్ పట్టుకెళ్లండి. కోడిగుడ్డులాంటి బొమ్మ, దానికి ఒక తల, ఏ చోట ఏ రంగో బాణం గుర్తు. బొమ్మ బాగుండక్కర్లేదు. గీయాలంటే చూడాలి, అందుకే గీయమంటున్నాను.

అడగడానికి సిగ్గేసిందన్నారు కదా. పక్షి శాస్త్రవేత్త సలీం అలీ (1896–1987) పక్షుల జీవితం ఒక ప్రశ్నతోనే మొదలైంది. చిన్నతనంలో ఆయన ఎయిర్‌గన్‌తో కొట్టిన ఒక పిచ్చుక గొంతు మీద పసుపు మచ్చ ఉంది. అదేమిటో తెలియలేదు. దాన్ని పట్టుకుని బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి వెళ్లి, అక్కడి కార్యదర్శి మిల్లార్డ్‌ను అడిగారు. మిల్లార్డ్ విసుక్కోలేదు. అది ఏ రకమో చెప్పి, సొసైటీలో భద్రపరిచిన పక్షుల్ని సొరుగులు తెరిచి చూపించారు. పక్షుల మీద ప్రేమ ఉన్న మనిషికి ఎవరైనా వచ్చి ‘అదేమిటి?’ అంటే కలిగే సంతోషం నాకు తెలుసు. మీ లీడర్‌కు ఆ సంతోషం ఇవ్వండి.

ఇప్పుడు ఫోన్‌లో కూత పెట్టిన విషయం. మీకు నచ్చకపోవడం సరైనదే. కూత విని ఆ పిట్ట దగ్గరకు వచ్చింది మన మీద ఇష్టంతో కాదు. తన చోటులోకి ఇంకో మగపక్షి చొరబడిందని భయపడి, తిండి మానుకుని, ఒక్కోసారి గూడు వదిలిపెట్టి, పోట్లాడటానికి వచ్చింది. లేని శత్రువు కోసం వెతుక్కుంటుంది. గూళ్లు పెట్టే కాలంలో ఆ శ్రమ దానికి చాలా ఖరీదైనది. అమెరికన్ బర్డింగ్ అసోసియేషన్ నియమావళి కూడా ఇలా కూతలు వినిపించడం తగ్గించాలని, ముఖ్యంగా జనం ఎక్కువగా వచ్చే చోట్ల, అరుదైన పక్షుల దగ్గర జాగ్రత్తగా ఉండాలని చెప్తుంది. మీరు అందరి ముందూ ఆయన్ని నిలదీయక్కర్లేదు. వెళ్లే ముందు రోజు లీడర్‌కు ఒక మెసేజ్ పెట్టండి: ‘రేపు నడక మొదలుపెట్టే ముందు, కూతలు పెట్టకూడదని, గూటి దగ్గరకు వెళ్లకూడదని అందరికీ ఒకసారి చెప్తారా?’ అని. నియమం ముందే చెప్తే ఎవరినీ వేలెత్తి చూపినట్టు ఉండదు. ఫొటో కోసం గూటికి అడ్డున్న కొమ్మలు పక్కకు జరిపేవాళ్లకు కూడా అదే మాట వర్తిస్తుంది. కొమ్మ జరిపితే కాకులకూ పిల్లులకూ దారి చూపించినట్టే.

వినిపించడం వేరు, వినడం వేరు. ‘మెర్లిన్’ అని ఒక ఉచిత యాప్ ఉంది, ఇదీ కార్నెల్ వాళ్లదే. 2021 నుంచి చుట్టూ ఉన్న కూతలు విని పేరు చెప్పే సౌకర్యం కూడా ఇస్తోంది. అది పక్షికి ఏ ఇబ్బందీ కలిగించదు. మీరు నిశ్చింతగా వాడవచ్చు. కాకపోతే అది పొరబడుతుంది. పేరు తెరమీదకు రాగానే లిస్ట్‌లో రాసేయకండి. ఆ పేరు పట్టుకుని చెట్టు వైపు చూడండి, పిట్ట కనిపించాక రాయండి.

మిగతావి తొందరగా చెప్తాను. తెల్లవారకముందే చేరుకోండి. రాత్రంతా ఏమీ తినక పక్షులు ఆకలితో ఉంటాయి, గాలి నిలకడగా ఉంటుంది, కూత దూరం వినిపిస్తుంది. సూర్యుడు మీ వీపు వైపు ఉండేలా నిలబడండి, లేకపోతే ప్రతి పిట్టా నల్లగానే కనిపిస్తుంది. మెరిసే తెల్లబట్టలు వద్దు. ఫోన్ సైలెంట్‌లో పెట్టండి. ఒక పక్షి తినడం ఆపి తల ఎత్తి మిమ్మల్ని చూసిందంటే అక్కడే ఆగిపోండి, ఇంకో అడుగు వేస్తే లేస్తుంది. ఎండెక్కి అందరూ అలసిపోయే వేళకు మీరు మాత్రం తలెత్తి ఆకాశం చూస్తూ ఉండండి. నేల వేడెక్కి గాలి పైకి లేస్తుంటే గద్దలు, డేగలు రెక్క ఆడించకుండా ఆ గాలి మీద గుండ్రంగా తిరుగుతూ పైకెక్కుతాయి. పెద్ద పక్షులు, నెమ్మదైన కదలిక, ఆకుల అడ్డు లేదు. కొత్తగా చూసేవాళ్లకు అంతకంటే అనువైన వేళ లేదు.

ఒక పని మిగిలింది. ఈసారి చెరువు దగ్గరకు వెళ్లినప్పుడు నీళ్ల అంచున, గట్టు కింద, మట్టీ గడ్డీ కలిసే గీత వెంట నెమ్మదిగా చూడండి. మీ గుడ్డికొంగ ఎక్కడో అక్కడ ఉంటుంది. ఈసారి నాలుగడుగులు వేయొద్దు, ఉన్నచోటి నుంచే చూడండి. గూడు కట్టే కాలం వచ్చేసరికి దాని మట్టిరంగు వీపు ముదురు ఎరుపులోకి, దాదాపు చింతగింజ నిగనిగలోకి తిరుగుతుంది. మీ చెరువు దగ్గరున్నదానికి ఆ రంగు మొదలైందో లేదో చూసి, పక్కనున్న వాళ్లకు చూపించి, నాకు రాయండి.